నాన్నకి మూడు వారాల్లో రెండు వినికిడి రిపోర్టులు, రెండిటికీ పొంతన లేదు. ఏది నమ్మాలి?

గెలాక్సీ_రాయి (చీమకుర్తి), సోమవారం రాత్రి 9:48

అందరికీ నమస్కారం. మా నాన్నకి 56 ఏళ్లు. 22 ఏళ్లుగా ఇక్కడ గ్రానైట్ క్వారీలో జాక్‌హ్యామర్ మీద పని. రెండేళ్ల నుంచి టీవీ సౌండు పెంచుకుంటూ పోతున్నాడు, ఫోన్‌లో మాట్లాడితే "ఆఁ? ఆఁ?" అంటాడు, అమ్మ వంటింట్లోంచి పిలిస్తే పలకడు, అమ్మేమో వినపడీ పలకడం లేదని కోపం తెచ్చుకుంటుంది. పోయిన నెల ఒక చెవి మిషన్ల షాపువాళ్లు ఉచిత పరీక్ష అంటే, డ్యూటీ దిగగానే బండి ఎక్కించుకుని తీసుకెళ్లాను. కుడి 58, ఎడమ 51 డెసిబెల్స్ వచ్చింది, అంకె పెరిగేకొద్దీ వినికిడి తక్కువంట. రెండు చెవులకీ మిషన్లు పెట్టాల్సిందే, అరవై వేలు అవుతుంది, ఆలస్యం చేస్తే నరం చచ్చిపోతుంది అన్నారు. నాకు టెన్షన్ వచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు సర్దుకునే లోపల ఎందుకైనా మంచిదని మూడు వారాల తర్వాత ఒక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర మళ్లీ చేయిస్తే కుడి 46, ఎడమ 43 వచ్చింది.

జ్వరం 102 ఉంటే ఏ థర్మామీటర్ పెట్టినా 102 చూపించాలి కదా. మరి ఇదేంది? ఇందులో ఏది నిజం? తెలిసినవాళ్లు చెప్పండి.

సింగరాయకొండ_బుజ్జి, రాత్రి 10:05

తమ్ముడూ, ముందు వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె గోరువెచ్చగా నాలుగు చుక్కలు వేసి చూడు. చిన్నప్పుడు మా జేజి మాకు అదే చేసేది. గులిమి ఉంటే కరిగిపోతుంది.

నెల్లూరు_ఆడియాలజీ, రాత్రి 10:52

బుజ్జి గారూ, నూనె మాత్రం వద్దండి. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా చెవిలో ఏదీ పోయకూడదు. చిల్లుంటే అది లోపలికి దిగి చీము పడుతుంది. అలా వచ్చిన వాళ్లని నేను ఏటా చూస్తూనే ఉన్నాను.

తమ్ముడూ, నేను నెల్లూరులో 12 ఏళ్లుగా వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. థర్మామీటర్ పోలిక ఇక్కడ కుదరదు. జ్వరం చూడటానికి రోగి ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ పరీక్షలో మిషన్ శబ్దం పంపుతుంది, వినపడిందా లేదా అని చెప్పాల్సింది మనిషి. కాబట్టి వచ్చే అంకెలో చెవి ఒక్కటే ఉండదు, ఆ గది ఉంటుంది, ఆ హెడ్‌ఫోన్ ఉంటుంది, ఆ రోజు ఆ మనిషి అలసట ఉంటుంది, మనం చెప్పింది అతనికి ఎలా అర్థమైందో అది కూడా ఉంటుంది.

ఎలా చేస్తామో చెప్తాను. ఒక్కో చెవికి విడివిడిగా, 250 హెర్ట్జ్ బొంగురు స్వరం నుంచి 8,000 హెర్ట్జ్ సన్నటి ఈల దాకా ఒక్కొక్కటే వినిపిస్తాం. వినపడితే 10 డెసిబెల్స్ తగ్గిస్తాం, వినపడకపోతే 5 పెంచుతాం, మళ్లీ తగ్గిస్తాం, మళ్లీ పెంచుతాం. పెంచుకుంటూ వచ్చేటప్పుడు ఏ మెట్టు దగ్గర కనీసం సగం సార్లు బటన్ నొక్కారో అది ఆ స్వరానికి ఆ చెవి హద్దు. 500, 1,000, 2,000, 4,000 దగ్గర వచ్చిన నాలుగు హద్దుల సగటే మీకు చెప్పిన 58, 46. కొన్నిచోట్ల 4,000 వదిలేసి మూడింటికే సగటు కడతారు, అప్పుడు అదే చెవికి అంకె మారిపోతుంది. అందుకే సగటు ఒక్కటే కాదు, గీసిన గ్రాఫ్ కూడా కావాలి. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం గుణకారం గుర్తులు ఎడమ చెవి.

ఇంకొకటి, ఇందులో సున్నా అంటే నిశ్శబ్దం అనుకుంటారు చాలామంది. చెవి జబ్బులేవీ లేని యువతీయువకులు ఒక్కో స్వరం దగ్గర సగటున పట్టుకోగలిగిన అతి చిన్న శబ్దానికి సున్నా అని పేరు పెట్టారు. అందుకే కొందరు పిల్లలు మైనస్ 5, మైనస్ 10 కూడా వింటారు. డెసిబెల్ కూడా మామూలు కొలత కాదు, ప్రతి పదికీ శబ్దశక్తి పదింతలు అవుతుంది. 58కీ 46కీ తేడా పన్నెండే అనిపిస్తుంది గానీ శక్తిలో అది దాదాపు 16 రెట్లు. ఒకే మనిషికి మళ్లీ చేస్తే 5 అటూ ఇటూ రావడం మామూలే. పది దాటితే మాత్రం ఎక్కడో ఏదో జరిగిందని అర్థం.

నాకు ఇవి కావాలి: పరీక్షకి ముందు చెవిలోకి లైటు వేసి చూశారా? ఏ గదిలో చేశారు? శబ్దం నేరుగా లోపలి చెవికి పోయేలా చెవి వెనక ఎముక మీద పరికరం పెట్టి కూడా చేశారా? నాన్నగారికి ఏమని చెప్పి కూర్చోబెట్టారు? చివరిది నాన్నగారినే అడగండి.

కావలి_సౌండ్స్, సోమవారం రాత్రి 11:30

మేడమ్ గారూ, "డ్యూటీ దిగగానే తీసుకెళ్లాను" అన్నాడు చూడండి, నాకు అక్కడే తేడా కొట్టింది. నాకు పెళ్లిళ్లకీ చవితి ఊరేగింపులకీ సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే వ్యాపారం. రాత్రంతా బాక్సుల దగ్గర నిలబడితే పొద్దున లేచేసరికి చెవుల్లో దూది కుక్కినట్టు ఉంటుంది, పక్కన మనిషి మాట బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, సాయంత్రానికి సర్దుకుంటుంది. ఆ పొద్దున నన్ను పరీక్షకి కూర్చోబెడితే ఏం వస్తుంది?

నెల్లూరు_ఆడియాలజీ, మంగళవారం ఉదయం 6:40

సరిగ్గా పట్టుకున్నారు. పెద్ద శబ్దం తర్వాత చెవి కొన్ని గంటలపాటు మొద్దుబారుతుంది. అందుకే పరీక్షకి ముందు కనీసం 14 నుంచి 16 గంటలు పెద్ద శబ్దాలకి దూరంగా ఉండమంటాం, క్వారీ మనిషికైతే నేను రెండు రోజులు సెలవు పెట్టి రమ్మంటాను. కానీ అన్నా, సాయంత్రానికి సర్దుకుంటుందని ధైర్యంగా ఉండకండి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఉంటాయి, ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. మనుషుల్లో అవి చనిపోతే మళ్లీ పుట్టవు. ప్రతిసారీ సర్దుకున్నట్టే ఉంటుంది, ఏదో ఒక రోజు పూర్తిగా సర్దుకోదు.

గెలాక్సీ_రాయి, మంగళవారం రాత్రి 9:15

మేడమ్, నాన్నని అడిగాను. షాపులో చెవిలోకి ఎవరూ చూడలేదంట. రోడ్డు పక్క గది, తలుపు సగం తీసే ఉంది, ఫ్యాను తిరుగుతా ఉంది, బయట ఆటోలు. నేను బయట కూర్చున్నా కాబట్టి నాకూ గుర్తుంది. ఎముక పరీక్ష లేదు. డాక్టర్ దగ్గర గది మంచిదే, డబ్బా లాంటి గదిలో కూర్చోబెట్టారు. చెవిలో గులిమి ఉంది అన్నారు గానీ ఆ రోజు తీయలేదు, చుక్కల మందు రాసిచ్చి వారం తర్వాత రమ్మన్నారు.

అసలు సంగతి ఇది. "నాన్నా, బటన్ ఎప్పుడు నొక్కావు?" అని అడిగితే, "బాగా వినపడినప్పుడు నొక్కినా" అన్నాడు. "చిన్నగా వినపడితే?" అంటే కాసేపు ఆలోచించి, "వినీ వినపడనట్టు ఉంటే ఎట్టా నొక్కేది, అది అబద్ధం చెప్పినట్టు కాదా" అన్నాడు. రెండు చోట్లా అంతేనంట. ఒక్కసారిగా నాకు ఏడుపొచ్చింది.

నెల్లూరు_ఆడియాలజీ, మంగళవారం రాత్రి 9:50

మీ నాన్నగారు నిజాయితీగా ఉన్నారు, తప్పు ఆయనకి చెప్పిన తీరులో ఉంది. "శబ్దం వినపడితే నొక్కండి" అని వదిలేస్తే జాగ్రత్తపరులు గట్టిగా వినపడేదాకా ఆగుతారు, తొందరపడేవాళ్లు ఏమీ లేకపోయినా నొక్కుతారు. నేను ఇలా చెప్తాను: "ఎక్కడో చాలా దూరంగా, ఉందో లేదో అన్నట్టు వినపడుతుంది పెద్దాయనా, అనుమానంగా ఉన్నా నొక్కు, తప్పయినా పరవాలేదు, మేము చూసుకుంటాం." ఆ ఒక్క మాటతో 5, 10 డెసిబెల్స్ మారిపోతాయి.

షాపు గది సంగతి ఇంకా స్పష్టం. ఫ్యాను, ఆటోల శబ్దం ఎక్కువగా బొంగురు స్వరాల దగ్గర ఉంటుంది కాబట్టి 250, 500 దగ్గర పరీక్ష శబ్దాన్ని మింగేస్తుంది. గ్రాఫ్ పెట్టండి, రెండు చెవులకీ బొంగురు స్వరాల దగ్గర అంకెలు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉండాలి.

గెలాక్సీ_రాయి, మంగళవారం రాత్రి 10:02

షాపు రిపోర్టు, కుడి: 500 దగ్గర 45, 1,000 దగ్గర 50, 2,000 దగ్గర 55, 4,000 దగ్గర 80. ఎడమ: 40, 40, 50, 75.

పొదిలి_మాస్టారు, బుధవారం ఉదయం 5:55

రిటైరైన ఉపాధ్యాయుడిని, 71 ఏళ్లు. బాబూ, నాన్నగారిని అమ్మగారు కోప్పడుతున్నారని రాశావు కదా, దాని గురించి చెప్పాలి. నాకు వయసుతో వచ్చింది. అందరూ "గట్టిగా చెప్తే వినపడుతుంది" అనుకుంటారు. నాకు వినపడుతుంది, అర్థం కాదు. అచ్చులు బరువైనవి, అవి అందుతాయి. క, త, ప, స లాంటి హల్లులని విడదీసే సన్నటి శబ్దం పైస్వరాల్లో ఉంటుంది, ముసలితనంలో గానీ మోతలో గానీ ముందు పోయేది అదే. కాలు, పాలు, తాళు నాకు ఒకటే మాట. తరగతిలో చివరి రెండేళ్లు ముందు బెంచీ ఆడపిల్లలు జవాబు చెప్తుంటే వాళ్ల పెదాలు చూసి మార్కులు వేశాను. మగ గొంతులు నయం. పదిమంది కూర్చున్న చోట అయితే ఏ మాటా ఏరుకోలేను. అమ్మగారిని వంటింట్లోంచి కాకుండా ఎదురుగా వచ్చి, ముఖం కనపడేలా, అరవకుండా నిదానంగా చెప్పమను. ఈ ఒక్కటి ఇవాళే చేయొచ్చు, దీనికి రిపోర్టు అక్కర్లేదు.

నాకు ఇంకో కారణం కూడా ఉందని డాక్టర్లు అన్నారు. యవ్వనంలో టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చేయించుకున్నాను. అప్పటి నుంచే రాత్రిపూట చెవిలో కీచురాయి.

నెల్లూరు_ఆడియాలజీ, బుధవారం ఉదయం 7:10

మాస్టారూ, నమస్కారం. అవును, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్, క్యాన్సర్‌కి వాడే సిస్‌ప్లాటిన్, ఇవి లోపలి చెవిని దెబ్బతీయగలవు. అవి ప్రాణం నిలిపే మందులు, మానేయమని నేను అనను. కోర్సు మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి వినికిడి చూపించుకుంటే బాగుంటుంది. షుగర్, సిగరెట్టు కూడా లెక్కలోకి వస్తాయి.

ముత్తుకూరు_తల్లి, బుధవారం మధ్యాహ్నం 2:20

నాకు పెద్దవాళ్ల సంగతి తెలియదు, పిల్లల గురించి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. మా పాప ఎనిమిదో నెలలో పుట్టింది, అద్దాల పెట్టెలో 19 రోజులు ఉంది. డిశ్చార్జి రోజు చెవిలో చిన్న గొట్టం పెట్టి పరీక్ష చేసి, కుదరలేదు, నెల తర్వాత మళ్లీ తీసుకురండి అన్నారు. మేము వెళ్లలేదు. మా అత్తమ్మ పాప వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టింది, పాప తల తిప్పింది. "చూడు, వినపడుతుంది, మా వంశంలో అందరూ ఆలస్యంగానే మాట్లాడారు" అంది. నేనూ నమ్మాను. రెండేళ్లు వచ్చినా అమ్మ అనలేదు. అప్పుడు నిద్రమందు ఇచ్చి, నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించి, శబ్దానికి చెవి నరం స్పందిస్తుందో లేదో చూసే బెరా పరీక్ష చేస్తే రెండు చెవులకీ 90 దగ్గర కూడా ఏమీ రాలేదు. పళ్లెం కొట్టినప్పుడు పాప తిరిగింది శబ్దానికి కాదు, అత్తమ్మ చెయ్యి కదిలిన నీడకి.

తర్వాత లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు రెండో తరగతి, మాట్లాడుతుంది, పాడుతుంది కూడా. కానీ పోయిన ఆ రెండేళ్ల మాటలు వెనక్కి తెచ్చుకోవడానికి పాప ఎంత కష్టపడిందో నేను పక్కన కూర్చుని చూశాను. దయచేసి మళ్లీ రమ్మన్నప్పుడు వెళ్లండి.

నెల్లూరు_ఆడియాలజీ, బుధవారం మధ్యాహ్నం 3:05

అమ్మా, రాసినందుకు మీకు దండం పెడతాను. మొదటి నెలలో చూడటం, మూడో నెలకల్లా ఖాయం చేసుకోవడం, ఆరో నెలకల్లా చికిత్స మొదలుపెట్టడం, ఇది చాలా దేశాల్లో పాటించే లెక్క. చెవిలో గొట్టం పెట్టి చేసేదాన్ని ఓఏఈ అంటాం. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి శబ్దం వినడంతో ఆగదు, తనే చిన్న శబ్దాన్ని తిరిగి పంపుతుంది. 1978లో డేవిడ్ కెంప్ దాన్ని కనిపెట్టాక పసిబిడ్డ నోరు తెరవకుండానే చెవిని చూసే వీలొచ్చింది. మేనరికం పెళ్లిళ్లు ఉన్న ఇళ్లలో, ఉమ్మనీరు తాగిన బిడ్డలకి, పసిరికలు బాగా ఎక్కువైన వాళ్లకి, బరువు తక్కువ పుట్టిన వాళ్లకి ఇది తప్పనిసరిగా చేయించండి.

ఆత్మకూరు_వీరుడు, బుధవారం సాయంత్రం 6:30

ఇంత గొడవ దేనికి, ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి కదా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. నాకు 10 డెసిబెల్స్ చూపించింది.

కావలి_సౌండ్స్, బుధవారం సాయంత్రం 6:55

తమ్ముడూ, ఇది నా సబ్జెక్టు. నీ ఇయర్‌ఫోన్ వేరు, నా ఇయర్‌ఫోన్ వేరు. ఒకే ఫోన్, ఒకే వాల్యూమ్ పెట్టినా ఒకటి ఎక్కువ మోగుతుంది, ఇంకొకటి తక్కువ, బడ్ చెవిలో సరిగ్గా బిగించకపోతే బేస్ మొత్తం లీకైపోతుంది. యాప్‌కి ఆ సంగతి తెలియదు. ఆసుపత్రి హెడ్‌ఫోన్‌ని ఏటా పరికరం పెట్టి సరిచూస్తారు. ఒకే ఇయర్‌ఫోన్‌తో ఒకే గదిలో నెలకొకసారి చూసుకుని ఏమైనా దిగజారిందా అని గమనించుకోవడానికైతే పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన యాప్ కొంచెం నయం, అది హోరు మధ్యలో అంకెలు చదివి వినిపిస్తుంది. హోరుకీ మాటకీ తేడా చూస్తుంది కాబట్టి ఇయర్‌ఫోన్ రకం అంతగా దెబ్బకొట్టదు.

ఇంకో లెక్క కూడా చెప్తా, చవితి వస్తోంది కాబట్టి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగమైపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 100కి 15 నిమిషాలు. మా బాక్సుల ముందు మీటర్ పెడితే 110 చూపిస్తుంది, అక్కడ లెక్క ప్రకారం ఒకటిన్నర నిమిషం. దాని ముందు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని గంటలు గంటలు ఆడతారు. పోయిన ఏడాది నుంచి నేను బాక్సుల ముందు తాడు కట్టి పిల్లల్ని రానివ్వడం లేదు, ఇద్దరు ముగ్గురు కస్టమర్లు తగ్గారు, తగ్గనీ.

సింగరాయకొండ_బుజ్జి, బుధవారం రాత్రి 8:10

నూనె సంగతి తెలియక చెప్పాను, క్షమించండి. ఇంకొకటి అడగనా? షాపు రిపోర్టు 58 కదా, ఇంకొంచెం ఎక్కువ వస్తే సదరం వైకల్య సర్టిఫికెట్ వచ్చి పింఛను వస్తుందేమో. ఇప్పుడు మళ్లీ చేయించి తక్కువ తెప్పించుకోవడం దేనికి?

నెల్లూరు_ఆడియాలజీ, బుధవారం రాత్రి 8:45

2016 వికలాంగుల హక్కుల చట్టంలో రెండు చెవులకీ 60 నుంచి 70 ఉంటే వినికిడి తక్కువ, 70 అయితే బధిరత్వం అని ఉంది. సర్టిఫికెట్ ఇచ్చేచోట మాటల మీద పరీక్ష చేస్తారు, అనుమానం వస్తే బెరా చేస్తారు, బెరాకి మనిషి జవాబుతో పని లేదు. అది పక్కన పెట్టండి, మిషన్‌ని సెట్ చేసేది ఆ రిపోర్టు అంకెలతోనే. ఉదాహరణకి చెవికి నిజంగా 15 ఉన్న చోట 45 అని నమ్మి మిషన్ బిగిస్తే బొంగురు శబ్దాలన్నీ మోతెక్కిపోయి మనిషి రెండో రోజే తీసి బీరువాలో పెడతాడు. అరవై వేలు బీరువాలో ఉంటాయి.

తమ్ముడూ, గులిమి తీయించి, రెండు రోజులు పని మాన్పించి, నెల్లూరు తీసుకురాగలరా? దూరమైతే ఒంగోలులోనే ఎముక పరీక్ష, మాస్కింగ్ చేసేచోట చేయించండి. ఒక చెవికి వినిపించే శబ్దం పెద్దదైతే పుర్రె ఎముక గుండా రెండో చెవికి పాకి అది జవాబు చెప్పేస్తుంది, దాన్ని మరిపించడానికి రెండో చెవిలో హోరు పెట్టడమే మాస్కింగ్.

ఒక జాగ్రత్త, ఇది చదివే అందరికీ. రాత్రి బాగుండి పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడకపోతే గులిమి అనుకుని వారాలు ఆగొద్దు. ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి, మొదటి రోజుల్లో మందు పడితే ఆశ ఎక్కువ.

గెలాక్సీ_రాయి, తర్వాతి సోమవారం రాత్రి 9:30

అందరికీ రుణపడి ఉన్నాను. శుక్రవారం ఒంగోలులో గులిమి తీయించాం, కుడి చెవిలోంచి చింతగింజంత గట్టి ముద్ద వచ్చింది. శని, ఆది నాన్న పనికి పోలేదు. ఇవాళ పొద్దున నెల్లూరు వెళ్లాం. మేడమ్ నాన్న పక్కన కూర్చుని, అనుమానంగా ఉన్నా నొక్కమని రెండుసార్లు చెప్పి, ముందు ఉత్తుత్తిగా నొక్కించి చూసి, అప్పుడు మొదలుపెట్టింది. అద్దంలోంచి నేను చూస్తా ఉన్నా. నాన్న కళ్లు మూసుకుని, జాక్‌హ్యామర్ పట్టి కాయలు కాసిన బొటనవేలు బటన్ మీద పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నాకైతే ఏమీ వినపడటం లేదు, ఆ వేలు మాత్రం కదులుతోంది.

కుడి: 250, 500 దగ్గర 15, 1,000 దగ్గర 20, 2,000 దగ్గర 35, 4,000 దగ్గర 70, 8,000 దగ్గర మళ్లీ 50. ఎడమ కూడా దాదాపు అంతే, 4,000 దగ్గర 65. సగటు కుడి 35, ఎడమ 34. ఎముక పరీక్షలోనూ అవే అంకెలు. అంటే గులిమి పోయాక మిగిలిందంతా లోపలి చెవి దెబ్బే అని మేడమ్ చెప్పింది. గ్రాఫ్‌లో 4,000 దగ్గర గుంట తవ్వినట్టు దిగిపోయి ఉంది. నాన్న దాని మీద వేలు పెట్టి "ఇది క్వారీదా" అని అడిగాడు.

పొదిలి_మాస్టారు, సోమవారం రాత్రి 9:55

అక్కడే గుంట ఎందుకు, మేడమ్? మోతలో అన్ని స్వరాలూ ఉంటాయి కదా.

నెల్లూరు_ఆడియాలజీ, సోమవారం రాత్రి 10:20

బిందెలో నీళ్లు నిండుతుంటే మోత సన్నబడటం విన్నారుగా మాస్టారూ. గాలి గొట్టం పొట్టిదైతే స్వరం పెరుగుతుంది. మన చెవి గొట్టం సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అది 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని తనే పెంచి లోపలికి పంపుతుంది. అందుకే మనకి ఆ స్వరాలు బాగా వినపడతాయి. మోత ఏదైనా లోపల ఎక్కువ దెబ్బ పడేది దానికి కొంచెం పైన, 4,000 దగ్గర. వయసు వల్ల అయితే 8,000 దగ్గర ఇంకా కిందికి పోతుంది, ఇక్కడ 50కి తిరిగి లేచింది కాబట్టి మోత వల్లే అని చెప్పగలం.

తమ్ముడూ, పైస్వరాలని మాత్రమే పెంచి, చెవి గొట్టాన్ని మూసేయని రకం మిషన్ ఒకసారి పెట్టి చూద్దాం, తొందర లేదు. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. జాక్‌హ్యామర్ దగ్గర వంద దాటుతుంది. గనుల భద్రత డైరెక్టరేట్ 85 దగ్గర హెచ్చరిక, 90 దగ్గర ప్రమాదం అని ఎప్పుడో పెట్టింది. దూది లాభం లేదు. ఫోమ్ ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి దోపి, ఉబ్బేదాకా వేలితో పట్టుకుని ఉండాలి. పైన చెవుల్ని కప్పే మఫ్స్ కూడా పెట్టుకుంటే మంచిది.

గెలాక్సీ_రాయి, సోమవారం రాత్రి 10:41

మీరు ఇచ్చిన జత నాన్న బస్సులోనే నలిపి పెట్టుకుని చూశాడు మేడమ్. ఆయన బ్యాచ్‌లో 14 మంది ఉన్నారు, అందరికీ కావాలి అంటున్నాడు. ఒంగోలులో ఒకేసారి అన్ని జతలు ఎక్కడ దొరుకుతాయి?

కావలి_సౌండ్స్, సోమవారం రాత్రి 10:50

నా దగ్గర రెండు వందల జతల డబ్బా ఉంది, సగం నీకు పంపిస్తా. అడ్రస్ ఇక్కడ పెట్టొద్దు, విడిగా మెసేజ్ చెయ్.